తుపాకీకి తాంబూలం

నాకు రెండు చేతులూ ఉన్నాయి. ఇదీ ఒక చెప్పుకోవాల్సిన విషయమేనా అని మీరు నవ్వొచ్చు. నవంబరు వచ్చిందంటే మాత్రం పొద్దున్నే కాఫీ కప్పును రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గర కాసేపు నిలబడతాను. మా ఆవిడ చూసి, "చలా, భక్తా?" అంటుంది. రెండూ అంటాను.

మేముండేది మ్యూనిక్ దాటాక ఒక చిన్న ఊళ్లో. నా ఆఫీసు ఉంటర్‌ఫ్యోరింగ్‌లో. ఎస్-బాన్ రైలు దిగి పావుగంట సైకిల్ తొక్కితే ఇల్లు. పై అంతస్తులో మేము, కింద ఇంటి ఓనరమ్మ. డెబ్బై దాటిన మనిషి, ఒంటరి, మోకాళ్లు సహకరించవు, నాలుక మాత్రం బాగా సహకరిస్తుంది. మా అమ్మాయి ఆమెను ఓమా అంటుంది, జర్మన్‌లో అమ్మమ్మ అని. మాకూ అదే పిలుపు అలవాటైపోయింది. ఇక్కడ ఇల్లు దొరకడం పిల్లకు సంబంధం కుదర్చడం కంటే కష్టం. ఓమా మమ్మల్ని అడిగింది మాత్రం ఒకే ఒక్క ప్రశ్న: "మీరు వండితే ఇల్లంతా వాసన వస్తుందా?" వస్తుందని నిజమే చెప్పాను. "మంచిది. ఈ ఇంట్లో వాసనన్నదే లేక చాలా ఏళ్లయింది" అని తాళాలు చేతిలో పెట్టింది.

ఓమా వేటాడుతుంది. ఊరి చుట్టూ మొక్కజొన్న, గోధుమ పొలాలు, మధ్యమధ్య చిన్న చిన్న అడవి తునకలు. అక్కడ కుందేళ్లు తిరుగుతాయి, ఫజాన్ అనే పొడుగు తోక అడవికోళ్లు తిరుగుతాయి. ఎవరు ఏ పొలంలో వేటాడాలి, ఏ నెలలో దేని జోలికి పోకూడదు, అన్నిటికీ ఇక్కడ నియమాలే. మేం వచ్చిన మొదటి చలికాలంలో ఒక కుందేలును శుభ్రం చేసి పళ్లెంలో పెట్టి తెచ్చి ఇచ్చింది. నాది కరీంనగర్ వైపు, మాంసం ముందు పెడితే మొహమాటం తెలియని ప్రాంతం. అల్లం వెల్లుల్లి దంచి, ధనియాల పొడి, గసగసాలు వేసి పులుసు పెట్టాను. ఓమా కళ్లనీళ్లు, ముక్కునీళ్లు తుడుచుకుంటూ గిన్నె ఖాళీ చేసింది. ఆ తర్వాత, "ఇంత బాగా తినే మనిషివి, అది ఎలా చచ్చిందో తెలుసుకోవా?" అంది.

అలా మొదలైంది. జర్మనీలో వేట లైసెన్సంటే ఆషామాషీ కాదు. ఏడాదిపాటు శనాదివారాలు క్లాసులు, చెట్లు, పక్షులు, జబ్బులు, చట్టాలు, చివర్లో తుపాకీ పరీక్ష. ఇంజనీరింగ్‌లో కూడా నేను అంత చదవలేదు. మా ఆవిడది గుంటూరు వైపు, మాట ఒక్కటే చెబుతుంది, తేల్చి చెబుతుంది. "నేర్చుకుంటే నేర్చుకో. ఆ తుపాకీ నీడ కూడా పిల్ల మీద పడకూడదు. పడిందా, ఇంట్లో అదుండాలో నేనుండాలో నువ్వే తేల్చుకో" అంది. పడనివ్వనని మాటిచ్చాను.

ఓమా పద్ధతి క్లాసుల కంటే కఠినం. మొదటి నెలంతా తుపాకీ ముట్టుకోనివ్వలేదు. ఒక నల్ల గొడుగు ఇచ్చింది. అది తుపాకీ అనుకుని దాన్ని పట్టుకుని ఆమె వెంట పొలం గట్ల మీద నడవాలి. గొడుగు మొన ఆమె వైపో, వెంట వచ్చే ఆమె కుక్క వైపో తిరిగిందంటే అక్కడికక్కడ ఆగిపోయేది. తిట్టదు, తిరిగి చూడదు, అలా నిలబడుతుంది. నాకు తట్టి మొన పక్కకు తిప్పాకే మళ్లీ అడుగు వేస్తుంది. మొదటి రోజు అర కిలోమీటరు నడవడానికి రెండు గంటలు పట్టింది. కుక్క విసుగొచ్చి పడుకుంది. దారిన పోయే రైతు ట్రాక్టర్ ఆపి, వానలేని రోజున గొడుగు పట్టుకుని నిలబడ్డ నన్ను ఎగాదిగా చూసి, ఏమీ అడక్కుండా వెళ్లిపోయాడు.

నేను పరీక్ష పాసయ్యాక తన తమ్ముడు వాడిన రెండు గొట్టాల తుపాకీని కాగితాలతో సహా నా పేరు మీదకు మార్చింది. మధ్యలో మడత పడే తుపాకీ అది. మడిచి ఉంటే పేలదు, మడిచి ఉందని దూరం నుంచే అందరికీ కనిపిస్తుంది. అందుకే నలుగురిలో నడిచేటప్పుడు మడిచే నడవాలి. కుందేలు మీద గురిపెడితే దాని వెనక మట్టి కనిపించాలి. పక్షి మీద గురిపెడితే దాని కింద ఆకాశం కనిపించాలి. వెనక ఏముందో తెలియకపోతే కాల్చకూడదు. అన్నిటికంటే ముందు, తూటాలు పెట్టకముందు, రెండు గొట్టాల్లోంచీ ఆకాశం చూడాలి. లోపల మట్టో, మంచో, ఏది ఇరుక్కున్నా గొట్టం పేలి, దాన్ని పట్టుకున్న ఎడమ చేయి పోవచ్చు.

"ఎన్నిసార్లు చూడాలి?" అని అడిగాను, తెలివైన ప్రశ్న అడిగాననుకుని.

"ఎన్నిసార్లు తూటా పెడితే అన్నిసార్లు."

మా ఇంట్లో గోడకు బిగించిన ఇనుప బీరువా, నంబరు తాళం. ఆ నంబరు మా ఆవిడకు కూడా చెప్పకూడదు, చట్టం. "నీ జీవితంలో నాకు తెలియని నంబరు అదొక్కటే, ఉండనీ" అంది.

ఆ ఏడాది దసరాకు మా ఇంట్లోనే ఆయుధ పూజ పెట్టుకున్నాం. ఆఫీసులో పనిచేసే మా వైపు వాళ్లు మూడు కుటుంబాలు వస్తున్నారు. పీట మీద అమ్మవారు, ముందు నా లాప్‌టాప్, కారు తాళాలు, మా ఆవిడ మిక్సీ, అమ్మాయి సైకిలు, పక్కన పళ్లెంలో వచ్చేవాళ్లకు ఇవ్వడానికి తమలపాకులు, వక్కలు. ముందురోజు ఒక మిత్రుడు ఫోన్ చేసి, "అన్నా, మేమందరం కీబోర్డులకు బొట్లు పెట్టుకుంటున్నం. మనలో అసలైన ఆయుధమున్నోనివి నువ్వొక్కనివే. గది పెట్టకుంటే ఎట్లనే?" అన్నాడు. ఆ మాట నాకు తలకెక్కింది. అసలే పరీక్ష పాసైన గర్వం, దానికి తోడు పొగడ్త.

బీరువా తీసి తుపాకీ తెచ్చి ఎర్రగుడ్డ మీద పెట్టాను. మడిచి పెడితే అందంగా లేదని మూసి పెట్టాను. లోపల చూశానా? చూడలేదు. ఖాళీగానే ఉంటుందిలే అనుకున్నాను. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టాను. మా ఆవిడ వంటింట్లోంచి తొంగిచూసి, "అదెందుకిక్కడ?" అంది.

"నేనిక్కడే ఉంటాగా."

"కదలకు మరి" అని గారెల మూకుడు దగ్గరికి వెళ్లిపోయింది.

కదిలాను. ఆ మిత్రుడే పార్కింగ్ దొరక్క కింద హారన్ కొడుతున్నాడు. పక్కింటి గేటు ముందు కారు పెడితే పెద్ద గొడవని పరుగెత్తాను. రెండు నిమిషాలే అనుకున్నాను. అతనికి దారి చూపి, పిల్లల్ని దింపించి, స్వీట్ల డబ్బా అందుకుని పైకొచ్చేసరికి ఎంతసేపైందో నాకు తెలియదు. గదిలో మా అమ్మాయి పట్టు పరికిణీలో బుద్ధిగా కూర్చుని ఉంది. అప్పటికి దానికి ఐదేళ్లు. తుపాకీ పెట్టిన చోటే ఉంది. అంతా సవ్యంగా ఉందనుకున్నాను.

పూజ అయింది, హారతి అయింది, ఫొటోలయ్యాయి. ఆడవాళ్లకు మా ఆవిడ తమలపాకులు, వక్క, పండు, రవికె గుడ్డ పెట్టి తాంబూలాలిచ్చింది. అందరూ వెళ్లాక తుపాకీ మీద కుంకుమ మరకలు పోయేలా నూనెగుడ్డతో తుడిచి బీరువాలో పెట్టేశాను. తళతళలాడింది. పైన పటారం, లోన లొటారం అంటారే, సరిగ్గా అదే.

నవంబరులో ఓమా నన్ను మొదటిసారి తుపాకీతో వేటకు పిలిచింది. తుపాకీ పట్టినవాళ్లు ఎనిమిది మంది, ఐదుగురు తోలేవాళ్లు, రెండు కుక్కలు. తోలేవాళ్లంటే నారింజరంగు చొక్కాలు వేసుకుని, పొదల్ని కర్రలతో కొడుతూ కుందేళ్లను బయటికి తరిమేవాళ్లు. ఇంటి నుంచి పొలం దాకా తుపాకీ సంచిలోనే ఉంది. మంచు ఇంకా విడలేదు. మొదలుపెట్టే ముందు ఓమా అందర్నీ నిలబెట్టి నియమాలన్నీ మళ్లీ చెప్పింది. నలభై ఏళ్లుగా వేటాడుతున్న వాళ్లు కూడా టోపీలు తీసి, స్కూలు పిల్లల్లా విన్నారు. తప్పు చేసినవాణ్ని అప్పుడే ఇంటికి పంపేస్తానని, వాడు బావమరిదైనా ఊరి మేయరైనా ఒకటేనని చెప్పింది. ఎవరి చోట్లలో వాళ్లం నిలబడ్డాం. తూటాలు పెట్టుకోవచ్చని బూర ఊదారు.

నిజం చెబుతున్నాను, చూడకుండానే పెట్టబోయాను. వేళ్లు కొయ్యబారాయి. అటూ ఇటూ అందరి తుపాకీలూ టక్ టక్‌మని మూసుకుంటున్నాయి. కుక్కలు గుంజుతున్నాయి. నేనొక్కణ్నే వెనకబడితే ఇండియావాడు కొత్త అనుకుంటారేమోనని తొందర. రెండు తూటాలు వేళ్ల మధ్యకు వచ్చేశాయి. అప్పుడు గట్టు చివర ఓమా కనిపించింది. కదలకుండా నిలబడి ఉంది, గొడుగు రోజుల్లో నిలబడ్డట్టే. తూటాలు జేబులో వేసుకుని మడిచిన తుపాకీని పైకెత్తి చూశాను.

కుడి గొట్టంలో గుండ్రంగా ఆకాశం. ఎడమ గొట్టంలో చీకటి.

కన్ను నులుముకుని మళ్లీ చూశాను. చీకటే. చేయి ఎత్తి, ఆపండని అరిచాను. ఓమా వెంటనే బూర ఊదించింది. ఎనిమిది తుపాకీలూ మడత పడ్డాయి, వేట ఆగిపోయింది. ఆమె మోకాళ్ల నొప్పితో దున్నిన చేలో అడ్డంగా నడిచి నా దగ్గరికి వచ్చింది. తుపాకీ తీసుకుని తనూ చూసింది. ఎవరో కారులోంచి గొట్టం శుభ్రం చేసే కడ్డీ తెచ్చారు. గట్టిగా తోస్తే ఏదో నల్లటి చుట్ట మట్టిలో పడింది.

ఓమా దాన్ని అరచేతిలో పెట్టుకుని వేలితో విప్పింది. ఎండి పెళుసైన ఆకు. మధ్యలో గట్టిగా, గోధుమరంగు ముక్క. "ఏ జంతువు పెట్టిందిది?" అని ఒకాయన వెటకారం చేశాడు. నలుగురు నవ్వారు. నేను నవ్వలేదు. అది తమలపాకు. లోపలిది వక్క.

మొదట నా ఎడమచేతిని చూసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం విన్నాను గానీ, చేయి కాలకముందే ఆకు బయటపడే అదృష్టం నాకు దక్కింది. ఆ సంతోషం ఒక్క క్షణం కూడా నిలవలేదు. ఆకు తనంతట తాను గొట్టంలోకి నడిచి రాదు. ఇంటికొచ్చిన వాళ్లకు తాంబూలం ఇవ్వాలని మా ఇంట్లో ఎవరికి కొత్తగా తెలిసిందో నాకు తెలుసు. ఆ చిన్న వేలు పట్టేటంత లోతుకు ఆకు తోయాలంటే మొహం ఎక్కడ పెట్టి ఉంటుందో కూడా తెలుసు. తడి మట్టిలో కూలబడ్డాను.

దాచాలనిపించిందని ఒప్పుకుంటాను. తుడిచేటప్పుడు ఏదో ఇరుక్కుందని అనేస్తే సరిపోయేది. ఓమా మొహం చూసి ఉన్నదున్నట్టు చెప్పాను. పూజ, ఎర్రగుడ్డ, పార్కింగ్, పిల్ల.

"ఆ రోజు అది ఖాళీగానే ఉందా?" అని అడిగింది ఓమా.

"ఖాళీగానే ఉంది. ఇందాక మడిచినప్పుడు చూశాను, తూటాల్లేవు."

"ఆ సంగతి నీకు ఆ రోజు తెలుసా, ఈరోజు తెలిసిందా?"

ఆమె తుపాకీని ముక్కలుగా ఊడదీసి తన కారులో పెట్టి తాళం వేసింది. ఇంటికి పంపేస్తుందనుకున్నాను. నారింజరంగు చొక్కా ఒకటి, కర్ర ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది. "నడువు. పొదల్లో ఏం చేయాలో వాళ్లు చెబుతారు" అంది. ఆ రోజంతా పొదలు కొడుతూ, కేకలు వేస్తూ నడిచాను. ఏడుపు వచ్చినా కేకల్లో కలిసిపోయింది.

సాయంత్రం కాకముందే వేట ముగించి, చచ్చిన కుందేళ్లను, పక్షులను దేవదారు కొమ్మల మీద వరసగా పడుకోబెట్టారు. వాటి ముందు అందరూ టోపీలు తీసి నిలబడతారు, ఇక్కడి ఆచారం. ఓమా మామూలుగా కుక్కలకు, తోలేవాళ్లకు కృతజ్ఞతలు చెప్పి ఊరుకుంటుంది. ఆ రోజు ఇంకో మాట కలిపింది: "ఇతను తప్పు ఇంట్లో చేశాడు, ఇక్కడ చేయలేదు. చేయి ఎత్తినందుకు థాంక్స్. మీలో ఎంతమంది ఈరోజు గొట్టంలోకి చూశారో నేను అడగను, మిమ్మల్ని మీరే ప్రశ్నించుకోండి." పొద్దున వెటకారం చేసినాయన, తర్వాత భోజనాల దగ్గర నా బఠాణీ సూప్ గిన్నెలో తన సాసేజ్ కూడా వేశాడు. ఆ సూప్ రుచి నాకిప్పటికీ గుర్తుంది.

తిరిగొచ్చేటప్పుడు కారులో ఆమె అసలు తీర్పు చెప్పింది. లైసెన్సు ఆఫీసుకు రాస్తే నా లైసెన్సు పోతుంది, రాయనంది. తుపాకీ మాత్రం మళ్లీ తన పేరు మీదకు, తన బీరువాలోకి వెళుతుంది.

"మళ్లీ ఎప్పుడిస్తారు?" అన్నాను.

"నువ్వు మాట తప్పింది నాతో కాదు. నీ భార్య వచ్చి ఇమ్మంటే ఇస్తాను. అంతవరకు కర్ర పట్టుకుని నడువు."

ఇంటికెళ్లి వంటింట్లో నిలబడి అంతా చెప్పాను. మా ఆవిడ స్టవ్ కట్టేసింది. అరవలేదు. బొమ్మలు గీస్తున్న పిల్ల దగ్గరికెళ్లి గట్టిగా పట్టుకుంది. ఊపిరాడట్లేదని పిల్ల జర్మన్‌లో విసుక్కుంది.

"ఆ తుపాకీలో ఆకు ఎందుకు పెట్టావు తల్లీ?" అని అడిగింది మా ఆవిడ.

"అది కూడా గాస్ట్ కదా మమ్మీ. గెస్టులందరికీ ఇస్తావుగా, దానికెవ్వరూ ఇవ్వరని."

మా ఆవిడ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఐదోరోజు, "బయల్దేరేటప్పుడు చూడలేదు, అక్కడైనా చూశావు" అంది. అంతే. ఓమా దగ్గరికి మాత్రం వెళ్లలేదు.

ఆ మిగిలిన చలికాలం, ఆ పై ఏడాదంతా కర్ర పట్టుకునే నడిచాను. కాగితాలు మార్చడానికి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, దొరకడమే రెండు నెలలు పట్టింది, ఆ ఆఫీసుకు కూడా నన్ను చూసి తొందరేమీ కలగలేదు. ఒక్కమాట చెప్పాలి, కర్ర పట్టుకున్నాకే నాకు వేట తెలిసింది. తుపాకీ ముందు నడిచేవాడికి తుపాకీ పట్టుకున్నవాడి మనసు ఎంత ముఖ్యమో తెలుస్తుంది. తోటివాళ్లు మాట నిలుపుకున్నారు గనకే నేను ప్రతి సాయంత్రం ఇంటికొచ్చాను. వాళ్లందరికీ మనసులో దణ్ణం పెట్టుకునేవాణ్ని. వేటగాళ్ల గుడిసెలో దుప్పి కొమ్ములు తగిలించిన గోడ మీద ఓమా ఆ వక్కను కూడా ఒక చిన్న చెక్కకు అతికించి పెట్టింది. కొత్తవాళ్లు అదేంటని అడిగితే, నా వైపు చూపించి, "ఆయనే చెబుతాడు" అంటుంది. ప్రతిసారీ చెబుతాను.

ఆ తర్వాతి దసరాకు పీట ముందు లాప్‌టాప్, మిక్సీ, సైకిలు మాత్రమే. అందరూ వెళ్లిపోయాక మా ఆవిడ పళ్లెంలో తాంబూలం సర్దుకుని నన్ను రమ్మంది. పిల్ల ముందే కిందికి పరుగెత్తి తోటలో ఉయ్యాల ఎక్కింది. మా ఆవిడ ఓమాకు బొట్టు పెట్టి, తాంబూలం చేతికిచ్చి, తనకొచ్చిన ముక్కల జర్మన్‌లో, "తుపాకీ ఇతనికి ఇవ్వండి" అంది. ముందు నాతో ఒక్కమాటైనా అనలేదు.

ఓమా మమ్మల్నిద్దర్నీ సెల్లార్‌లోకి తీసుకెళ్లింది. బీరువా తీసి, తుపాకీని మడిచి, తను చూసి నాకిచ్చింది. నేను కూడా చూశాను. "ఇప్పుడు ఆమెకు చూపించు" అంది ఓమా. సెల్లార్‌కు ఎత్తుగా రెండు కిటికీలున్నాయి. తుపాకీ నా చేతుల్లోనే ఉంచుకుని, వెలుతురు బాగున్న కిటికీ వైపు ఎత్తి మా ఆవిడను చూడమన్నాను. ఆమె కన్ను ఆనించబోయి ఆగిపోయింది.

"అటొద్దు. అటు పిల్లుంది."

అది ఖాళీ. మడిచి ఉంది. ముగ్గురి కళ్ల ముందే ఉంది. అయినా ఆమె చెప్పిందే సరైనదని నాకు ఆ క్షణంలోనే తెలిసింది. మారుమాట లేకుండా గొట్టాలు రెండో కిటికీకి తిప్పాను. మా ఆవిడ చేసిన తెలుగు హెచ్చరిక అర్థం కాకపోయినా, ఉయ్యాల చప్పుడు ఎటునుంచి వస్తోందో ఓమా విన్నది. "నేను ఏళ్లు పట్టి నేర్పేది ఈమెకు ముందే వచ్చు. తప్పు మనిషిని పరీక్షకు పంపాను" అంది.

మా ఆవిడ ఒక గొట్టంలోంచి చూసింది, తర్వాత రెండో దాంట్లోంచి చూసింది.

"ఆకాశం" అంది. "పట్టుకో."